బొమ్మ పేరు పలికేదెప్పుడు? – సవర గోడలు, మెక్సికో పత్రాలు

సవరల గోడబొమ్మలను ‘చిత్రలిపి’ అనడం మనకు అలవాటైపోయింది. రాయగడ జిల్లా గుణుపూరు ప్రాంతాన్ని గురించి తెలుగులోనో, ఒడియాలోనో, ఇంగ్లీషులోనో వచ్చిన ఏ వ్యాసం తీసుకున్నా, ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండితో గీసిన మనుషులు, ఏనుగులు, గుర్రాలు కనబడతాయి. ఆ పక్కనే ఈ మాటా కనబడుతుంది. మా తరగతిలో ఒకసారి రాయగడ నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి అడిగాడు: “మెక్సికోలో బొమ్మలతో మనుషుల పేర్లు రాసేవారట కదండీ, మన సవరల బొమ్మల్లో కూడా పేర్లుంటాయా?” ‘ఉండవు’ అని చెప్పి ఆ రోజుకు పాఠం కొనసాగించాము. ఆ జవాబు తప్పు కాదు గాని, చాలదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ముందుగా పేరును గురించి ఒక మాట. గుర్రం బొమ్మ గీస్తే చూసినవాడు గుర్రమనుకుంటాడు, అశ్వమనుకుంటాడు, ఘోడా అనుకుంటాడు. బొమ్మకు ఏ భాషతోనూ పనిలేదు. మనిషి పేరు అలా కాదు. పేరుకు అర్థం ఉంటే ఉండవచ్చు గాని, పిలిచేటప్పుడు మనం అర్థాన్ని పిలవము, శబ్దాన్ని పిలుస్తాము. సూర్యనారాయణను ‘రవినారాయణా’ అని పిలిస్తే పలకడు. సూర్యుడూ రవీ ఒకరే గదా అని వాదిస్తే నవ్వుతాడు. కనుక బొమ్మలతో ఒక మనిషి పేరును, అదే పేరని ఎదుటివాడికి అనుమానం లేకుండా తెలిసేటట్టు రాయాలంటే, ఎక్కడో ఒకచోట బొమ్మ శబ్దంగా మారక తప్పదు. ఒక జాతి గీసే బొమ్మలు లిపి అవునా కాదా అన్న ప్రశ్నకు మేము వాడే గీటురాయి ఇదే. ఆ బొమ్మలు పేరు పలుకుతాయా?

మెక్సికో నడిబొడ్డున నావాట్ల్ భాష మాట్లాడే ప్రజల పత్రాలలో బొమ్మలు పేర్లు పలుకుతాయి. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న మెండోజా పత్రం 1540ల తొలి సంవత్సరాలలో, స్పెయిన్ వారి పాలన వచ్చిన ఇరవై ఏళ్ళకు, అక్కడి చిత్రకారులు తయారుచేసింది. అందులో ఆస్టెక్ రాజులు వరుసగా కూర్చుని ఉంటారు. మనుషులు చూడడానికి దాదాపు ఒక్కలాగే ఉంటారు. ఒక్కొక్కరి తలవెనుక నుంచి ఒక సన్నని గీత బయలుదేరి ఒక చిన్న బొమ్మకు చేరుతుంది. ఆ చిన్న బొమ్మే పేరు. పొగలు కక్కే డాలు ఉంటే ఆయన చిమల్‌పొపొకా: ‘చిమల్లి’ అంటే డాలు, ‘పొపొకా’ అంటే పొగ రావడం. పిడికిట్లో రెల్లు పట్టుకున్న చేయి ఉంటే ఆకమాపిచ్ట్లి. పాము వీపు పొడుగునా నల్లని గాజురాతి పలుకులు గుచ్చి ఉంటే ఇట్స్‌కోవాట్ల్: ‘ఇట్స్‌ట్లి’ అంటే ఆ గాజురాయి, ‘కోవాట్ల్’ అంటే పాము.

ఇంతవరకు ఇది అర్థాన్ని గీయడమే. మన ఇంటిపేర్లలో గుర్రం, ఏనుగు, చింతా, గుమ్మడి ఉన్నవి కదా, వాటిని బొమ్మ వేసి చూపించవచ్చు, అదీ ఇలాంటిదే. అసలు సంగతి ఇంకొకచోట ఉంది. అదే ఇట్స్‌కోవాట్ల్ పేరును వేరొక పత్రంలో ఇంకొక విధంగా రాశారు: గాజురాయి, దాని తోడుగా ఒక కుండ, నీళ్ళు. పాము మచ్చుకైనా లేదు! కుండను వాళ్ళ భాషలో ‘కోమిట్ల్’ అంటారు, నీటిని ‘ఆట్ల్’ అంటారు. ‘ఇట్స్’, ‘కో’, ‘ఆ’ – కలిపి పలికితే రాజు పేరు వస్తుంది. చివరి ‘ట్ల్’, ‘ట్లి’లు సమాసంలో రాలిపోతాయి, మనకు ‘రాముడు’, ‘బాణము’ కలిసి ‘రామబాణము’ అయినప్పుడు ‘డు’ రాలిపోయినట్టే. కుండకూ ఆ రాజుకూ సంబంధం ఏమీ లేదు. అక్కడ కుండ కుండ కాదు, ‘కో’ అనే అక్షరం. ఫ్రెంచి పండితుడు ఓబాఁ 1849లోనే ఈ విషయాన్ని చూపించాడు. అయినా నూటయాభై ఏళ్ళకు పైగా చాలామంది దీనిని బొమ్మలాటగానే చూశారు. స్పెయిన్ దేశపు పండితుడు అల్ఫోన్సో లకదేనా 2008లో ఆ అక్షరాలను ఒక క్రమంలో పెట్టి చూపించిన తరువాత వాదం కొంత సర్దుకుంది; పూర్తిగా సర్దుకుందని చెప్పలేము.

ఈ కిటుకు మీకు బాగా తెలియాలంటే మన ఊరి పేరే తీసుకోండి. రాయగడ. దీని అర్థం రాజుగారి కోట. నావా చిత్రకారుడు తెలుగువాడై ఉంటే ఏం చేసేవాడు? ఒక రాయి గీసి, పక్కన ఒక గడ నిలబెట్టేవాడు. రాయికీ కోటకూ, గడకూ రాజుకూ ఏమీ సంబంధం లేదు. అయినా తెలుగు వచ్చినవాడు దాన్ని చూడగానే ‘రాయగడ’ అనేస్తాడు. తెలుగు రానివాడికి అది రాయీ కర్రా మాత్రమే. కోరాపుట్ జిల్లాలో ‘పుట్’తో ముగిసే ఊళ్ళు ఎన్ని ఉన్నవో మీకు తెలుసు. వాటన్నిటికీ మన చిత్రకారుడు చివర ఒక చీమలపుట్ట గీసి ఊరుకునేవాడు. బొమ్మ ఒక భాషకు కట్టుబడిన క్షణం అది. లిపి పుట్టేది ఆ క్షణంలోనే.

పేర్లను ఇంత శ్రద్ధగా ఎందుకు రాశారన్నది మరో ప్రశ్న. రాజుల పేర్లు చరిత్రకోసం రాశారనుకుందాం. కాని మనకు దొరికిన నామచిత్రాలలో పెద్దభాగం రాజులవి కావు, రైతులవి. టెపెట్లావోస్తోక్ అనే చోట 1540లలో తయారైన పత్రాలలో ఒక్కొక్క ఇంటి పెద్ద తల, ఆ తలకు తగిలించిన పేరు బొమ్మ, ఇంటిలోని మనుషులు, వేరే పుటలలో వారి పొలాల కొలతలు వరుసగా ఉన్నవి. 1560లో వెహోత్సింకో ప్రాంతానికి తయారైన పట్టికలో ఊరూరా పన్ను కట్టేవారి తలలు, పేరు బొమ్మలు బారులు తీరి ఉంటాయి. మన కరణంగారి అడంగలు గుర్తుకు వస్తుంది. పన్ను కట్టవలసినవాడు ఎవడో స్పష్టంగా తెలియాలి. ఇద్దరు కలగాపులగం కాకూడదు. బొమ్మలు పేరు పలకడానికి కవిత్వం కన్నా పద్దుల పుస్తకం ఎక్కువ సాయం చేసిందని మా అభిప్రాయం. స్పెయిన్ వారి పేర్లు, ప్రార్థనలు వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి అక్కరకొచ్చింది. లాటిను ‘పాతెర్ నొస్తెర్’ను జెండా, రాయి, నాగజెముడు పండు, మళ్ళీ రాయి గీసి గుర్తుపెట్టుకున్నారని ఆనాటి క్రైస్తవ గురువులే రాసిపెట్టారు: పాన్‌ట్లి, టెట్ల్, నోచ్‌ట్లి, టెట్ల్. స్పెయిన్ సేనాని ఆల్వరాడో పేరు మాత్రం నోరు తిరగలేదో, తిప్పుకోవాలనిపించలేదో. బంగారు రంగు జుట్టు చూసి అతన్ని ‘సూర్యుడు’ అని పిలిచేవారు, అతని తల పక్కన సూర్యబింబమే గీశారు.

ఇంకొక్క సంగతి చెప్పి మన గుణుపూరుకు వద్దాం. నావా ప్రజలలో బిడ్డకు పుట్టిన రోజునుబట్టి పేరు వచ్చేది. ఇరవై రోజుగుర్తులు, పదమూడు అంకెలు కలిసి 260 రోజుల చక్రం. ‘రెండు కుందేలు’ నాడు పుడితే ‘ఒమె తోచ్‌ట్లి’. రాయడం తేలిక: రెండు చుక్కలు, ఒక కుందేలు తల. ఇది విని కోరాపుట్ పిల్లలు ఆశ్చర్యపడనక్కరలేదు. మన పరజలు, గదబలు, బోండాలలో సోమ్రా, మంగలా, బుదు, గురుబారి, సుక్రా, సనియా అన్న పేర్లు వారాలవే కదా. తెలుగువారిలోనూ కాలమే పేరును నిర్ణయించే ఆచారం ఉంది: అశ్విని నక్షత్రం అయితే పాదాన్నిబట్టి చు, చే, చో, లా. ఈ మూడింటిలో మనది ఒక్కటే కాలాన్ని తిన్నగా అక్షరానికి ముడివేసింది. అంటే ఆ ఆచారం లిపి వచ్చినవాళ్ళది, పంచాంగం చదివేవాళ్ళది.

ఇప్పుడు గుణుపూరు. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరు, దాని వెనక కొండలు, పూర్వం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో, జయపురం సంస్థానం కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు కోరాపుట్ జిల్లాలో చేరాయి. 1992 అక్టోబరు 2న రాయగడ వేరు జిల్లా అయినప్పుడు అందులోకి వచ్చాయి. ఆ కొండలలోని సవరల భాష తెలుగు కుటుంబానికీ చెందదు, ఒడియా కుటుంబానికీ చెందదు; ముండా కుటుంబానిది. ఊళ్ళో కచేరీ భాష ఏదైనా, కొండమీద ఇంటి గోడ మాత్రం సవరలదే.

ఆ గోడబొమ్మను ఇప్పుడు సాధారణంగా ‘ఇడితాల్’ అంటున్నారు. మొదటి భాగానికి గీయడం, రాయడం అన్న అర్థాలు, రెండవ భాగానికి గోడ అన్న అర్థం చెబుతారు. గీయడానికీ రాయడానికీ ఒకే మాట ఉండడం చూసి ‘అదిగో, చిత్రలిపి!’ అన్నవారున్నారు. తొందరపడకూడదు. నావాట్ల్‌లోనూ ‘ట్లాకుయిలో’ అంటే బొమ్మలు వేసేవాడు, రాసేవాడు కూడా. మన తెలుగులో? ‘బొమ్మ వ్రాయించాడు’ అని పూర్వం అనేవారు; శ్రీకాళహస్తి కలంకారీని ఇప్పటికీ ‘వ్రాతపని’ అంటారు. అంతమాత్రాన కలంకారీ దుప్పటి లిపి కాలేదు. మాట ఒకటైనంత మాత్రాన పని ఒకటి కాదు.

ఈ బొమ్మలను గురించి మొదట వివరంగా రాసినది వెరియర్ ఎల్విన్. 1940లలో గంజాం, కోరాపుట్ కొండలలో సవరల మధ్య తిరిగి, 1951లో మధ్యభారత గిరిజన కళమీద, 1955లో సవరల మతంమీద ప్రచురించిన పెద్ద గ్రంథాలలో వీటిని అచ్చువేశాడు. ‘చిత్రలిపి’ అని మనం తెలుగు చేసుకున్న ఇంగ్లీషు మాటను వాడి స్థిరపరచినది కూడా ఆయనే. ఆయన చెప్పిన సంగతులు మాత్రం ఆ మాటకు ఎదురు సాక్ష్యం చెబుతున్నవి.

బొమ్మ ఊరికే వేయరు. ఇంట్లో జబ్బు చేస్తుంది, లేదా ఎవరో కలలోకి వస్తారు. ‘కురాన్’ను పిలుస్తారు. కురాన్ అంటే చనిపోయినవారితోను, ‘సోనుం’లతోను మాట్లాడే వ్యక్తి, మగవాడూ కావచ్చు, ఆడమనిషీ కావచ్చు. ఎవరు ఎందుకు కోపించారో కురాన్ ద్వారా తెలుస్తుంది. ఫలానా చనిపోయినవారికో, ఫలానా సోనుంకో ఇంట్లో బొమ్మ వేయాలని తేలుతుంది. గోడను ఎర్రమట్టితో అలికి, చివర నలిపిన పుల్లతో, పిండినీళ్ళతో గీస్తారు. ముందు ఒక చతురస్రం, అదే ఇల్లు. లోపల రెండు త్రికోణాలు మొనకు మొన తగిలించినట్టుండే మనుషులు, చెట్లు, సూర్యచంద్రులు, ఏనుగులు, గుర్రాలమీద వెళ్ళేవారు. కాలం మారినకొద్దీ సైకిలు, రైలు, విమానం కూడా ఎక్కాయి. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా చిన్న రైలు 1931 నాటికి గుణుపూరు చేరింది. అది గోడమీదికి రావడానికి ఎంతోకాలం పట్టి ఉండదు.

గీయడం అయ్యాక కురాన్ ఆ బొమ్మముందు కూర్చుని ఎవరికోసం వేశారో వారిని పేరుపెట్టి పిలుస్తాడు. వచ్చి ఇందులో ఉండమంటాడు. వచ్చినవారు బొమ్మను చూసుకుని, ఇది తక్కువైంది, అది మరిచారు అని కురాన్ నోట అడుగుతారు. అడిగినది చేరుస్తారు. ఆ తరువాతే అది వారి ఇల్లు అవుతుంది.

ఇందులో పేరు ఎక్కడ ఉంది? కురాన్ నోట్లో ఉంది. గోడమీద లేదు. బొమ్మలో మధ్యనున్న మనిషి ఈ ఇంటి తాత అని మనకు ఎలా తెలుస్తుంది? ఎవరైనా చెప్పాలి. గుర్రమెక్కితేనో, ఏనుగుమీద కూర్చుంటేనో ముఖ్యుడని తెలుస్తుంది. అది హోదా, పేరు కాదు. మెక్సికో పత్రాలలో కూడా ప్రభువు తలమీది పచ్చరాతి కిరీటం ఆయన హోదాను చెబుతుంది. పేరు చెప్పడానికి వెనక ఇంకొక బొమ్మ కావలసివచ్చింది. సవర గోడమీద ఆ రెండవ బొమ్మ లేదు. పక్క ఊరి సవర వచ్చి చూస్తే, ఇది ఒక చనిపోయినవారి ఇల్లని గుర్తిస్తాడు. ఎవరిదో అడిగి తెలుసుకుంటాడు. ఎల్విన్ కూడా అడిగే తెలుసుకున్నాడు. తన పుస్తకంలో ప్రతి బొమ్మకూ ఒక వివరణ తోడుగా ఇవ్వవలసి వచ్చింది. చదవగలిగినది అయితే వివరణ ఎందుకు?

కనుక మా గీటురాయిమీద ఇడితాల్ లిపిగా నిలవదు. ఇక్కడ ఆగిపోతే, విద్యార్థికి ఆనాడు చెప్పిన ‘ఉండవు’ అన్న జవాబే మిగులుతుంది. దానితో పాటు ‘మెక్సికోవారు సాధించారు, సవరలు సాధించలేదు’ అన్న అర్థం కూడా వెనకనుంచి దూరుతుంది. అది శుద్ధ తప్పు. లేనిదానికి కారణం చేతకాకపోవడమేనా, అవసరం లేకపోవడమా అని అడగాలి. సవరలు పేరును దాచుకునే చోటు వేరే ఉంది.

ఇంగ్లండు మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1975 నుంచి సవరల మధ్య ఏళ్ళ తరబడి ఉండి, వారి భాషలోనే వినిన సంగతులను 1993లో ఒక గ్రంథంగా వెలువరించాడు. చనిపోయినవారు కురాన్ నోట మాట్లాడతారు, బతికినవారు జవాబిస్తారు, వాదించుకుంటారు, ఏడుస్తారు, నవ్వుతారు. ఒక్కరోజుతో తీరదు, సంవత్సరాలపాటు సాగుతుంది. కోపతాపాలు చల్లారిన తరువాత, చనిపోయిన మనిషి తన పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకు పెట్టమంటాడు. పెడతారు. పేరు మళ్ళీ ఇంట్లో తిరుగాడుతుంది. మనలోనూ తాత పేరు మనవడికి పెట్టుకునే ఆచారం ఉంది గదా, కాబట్టి ఇది మనకు కొత్తగా తోచదు. తేడా ఏమిటంటే, మనం తాతను గౌరవించి పెట్టుకుంటాము. అక్కడ తాతే అడిగి పెట్టించుకుంటాడు.

చనిపోయినవారికి రాళ్ళు నిలబెట్టే ‘గువార్’ అనే తంతు కూడా ఉంది. ఊరి పక్కన ఆ రాళ్ళు గుంపుగా నిలబడి ఉంటాయి. ఒక్కదానిమీదా ఒక్క గీతైనా లేదు. రాయి మనిషిని నిలబెడుతుంది, గోడబొమ్మ మనిషికి ఇల్లు కడుతుంది, పేరును బిడ్డ మోస్తుంది. పేరును రాయిమీద చెక్కితే అది అక్కడే ఉండిపోతుంది. బిడ్డకు ఇస్తే నడుస్తుంది. ఇలాంటి ఏర్పాటులో బొమ్మను శబ్దంగా మార్చే అవసరం ఎక్కడ వస్తుంది? నావా చిత్రకారుడు పేరు రాసింది, ఆ మనిషిని ఎరగని అధికారికోసం. సవర చిత్రకారుడు గీసింది, ఆ మనిషిని బాగా ఎరిగిన ఇంటివారికోసం. ఎరిగినవారికి పేరు రాసి చూపించనక్కరలేదు.

ఎరగనివారు సవరల దగ్గరకూ వచ్చారు. దస్త్రాలు, కోర్టు కాగితాలు, బడి హాజరుపట్టీలు వచ్చాయి. అన్నిటిలోను సవరల పేర్లు ఇతరుల లిపిలో, ఇతరుల చెవికి వినబడినట్టు ఎక్కాయి. సవరకు తెలుగు లిపి వాడిన గిడుగు వెంకట రామమూర్తిగారి గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిన మనిషి. ఆయన సవర వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. సవరలో గొంతు దగ్గర చటుక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు, ఒడియాలోనూ లేదు. క్రైస్తవ మిషన్లవారు రోమను లిపి వాడారు. బడులు పెరిగినకొద్దీ ఒడియా వచ్చింది. ఒక చిన్న జాతి భాషను మూడు లిపులు మూడు వైపుల నుంచి లాగాయి.

1936 రెండు విధాల గుర్తుంచుకోవలసిన సంవత్సరం. ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం. పర్లాకిమిడి ఒడిశాలో కలిసినందుకు నొచ్చుకుని గిడుగువారు రాజమండ్రికి వెళ్ళిపోయారు. అదే ఏడాది జూన్ 18న గుణుపూరు ప్రాంతంలోని మరిచిగుడ దగ్గర మంగేయి గొమాంగో అనే సవర పండితుడు తమ భాషకు కొత్త లిపిని ప్రకటించాడు. మామగారైన మలియా గొమాంగో సవరలకు నాయకుడు. పరాయి లిపులతో విసిగి, మనకంటూ ఒకటి కావాలని అల్లుణ్ణి పురికొల్పాడని చెబుతారు. మంగేయికి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చు. మూడు లిపులనూ ఎరిగినవాడే నాలుగవదాన్ని చేశాడు. ఇది ఎరగనితనంతో పుట్టినది కాదు. ఆ లిపి పేరు ‘సోరాంగ్ సొంపెంగ్’. రాష్ట్రం మారడంవల్లనే లిపి పుట్టిందని మేము అనము. రెండూ ఒకే వేసవిలో జరిగాయని మాత్రం అంటాము.

అందులో 24 అక్షరాలు, తరువాత చేరిన ఇంకొకటి, పది అంకెలు ఉన్నవి. వరుస మన అ, ఆ, ఇ, ఈ కాదు: స, త, బ, చ, ద, గ, మ అని మొదలై హల్లులు ముగిసిన తరువాత అచ్చులు వస్తాయి. గుణింతపు గుర్తులు లేవు. ‘కి’ రాయాలంటే ‘క’ పక్కన ‘ఇ’ అక్షరం నిండుగా రాయాలి. మన పిల్లలు వింటే సంతోషిస్తారు! 24 అక్షరాలకూ 24 మంది సోనుంల పేర్లు. అక్షరాలకు గుడి కట్టి, వాటిని అక్షరబ్రహ్మగా కొలిచే ఒక మతశాఖ కూడా అక్కడ ఏర్పడింది. మెక్సికోలో కుండ, నీళ్ళు, డాలు వంటి వస్తువుల పేర్లు కలిసి మనిషి పేరును పలికాయి. ఇక్కడ దేవతల పేర్లు ఒక్కొక్క అక్షరం పేరయ్యాయి. గోడమీద శబ్దం లేకుండా కూర్చున్న సోనుంలు, కాగితంమీదికి వచ్చి శబ్దమిచ్చారు. ఇడితాల్ ఏనాటికీ దాటని గీతను 1936లో ఒక సవరే దాటాడు. గోడబొమ్మను సాగదీసి కాదు, ఆ బొమ్మలో ఉండేవారిని పేరుపెట్టి పిలిచి.

ఈ లిపి వాడుక మొదటినుంచీ పరిమితమే. 2012లో కంప్యూటర్లకు సంబంధించిన యూనికోడ్ పట్టికలో చోటు దొరికింది. బడిలో మాత్రం ఒడిశా వైపు సవర పిల్లలకు ఒడియా లిపి, ఆంధ్రలో సీతంపేట వైపు తెలుగు లిపి, చర్చిలో రోమను. ఒకే భాష, సరిహద్దుకు అటూ ఇటూ వేరువేరు అక్షరాలు. అక్కాచెల్లెళ్ళ పిల్లలు ఒకరికొకరు ఉత్తరం రాసుకోలేని పరిస్థితి.

పేరు ఏమవుతుందో చూడండి. ఊరి పెద్దను సవరలో ‘గమాంగ్’ అంటారు. అదే ఇంటిపేరుగా స్థిరపడింది. ఒడియాలో ‘అ’కారం ఇంచుమించు ‘ఒ’లాగా పలుకుతుంది, చివరి హల్లుకు హలంతం గుర్తు పెట్టకపోతే అక్కడ కూడా ‘ఒ’ చేరుతుంది. అందుచేత ఒడియాలో రాసి, అలాగే చదివి, దాన్ని ఇంగ్లీషులో దించితే ‘గొమాంగో’ అయింది. మనవాళ్ళు ‘గమాంగ్’ అని రాసి, నోటితో ‘గమాంగు’ అంటారు. హల్లుతో ముగించడం మన నోటికి ఇష్టం లేదు మరి. ఈ ప్రాంతం నుంచి ఎన్నోసార్లు లోక్‌సభకు ఎన్నికై, 1999లో కొన్ని నెలలు ఒడిశా ముఖ్యమంత్రిగా కూడా పనిచేసిన గిరిధర్ గమాంగ్‌గారి పేరు మీరు రెండు తీర్లలోనూ చూసి ఉంటారు. లిపిని కనిపెట్టిన మంగేయి పేరు కూడా పుస్తకాలకు ఒడియా ఉచ్చారణ రూపంలోనే ఎక్కింది. మేమూ పైన అలాగే రాశాము.

ఇది సవరల గొడవ మాత్రమే కాదని మీలో చాలామందికి అనుభవం. ఒడియాలో ఎ, ఏలకు వేరు అక్షరాలు లేవు. ‘వ’ను ‘బ’గా రాయడమే పరిపాటి. వెంకటరావు బెంకటరావు అవుతాడు. మా దగ్గర చదివిన ఒక తెలుగు అబ్బాయికి బడి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఇంటి కాగితాలలో ఇంకొక పేరు ఉన్నందుకు ఒక కార్యాలయంవారు ఉపకారవేతనం ఆపివేశారు. ఇద్దరూ ఒకరే అని ప్రమాణపత్రం రాయించుకుని రావడానికి నెలలు పట్టింది. అతడు మా గదిలో కూర్చుని, “అయ్యా, నేను ఎవరినో నాకు తెలుసు, వాళ్ళకు తెలియాలి” అన్నాడు. పద్దుల పుస్తకం అడిగేది ఆ ఒక్కటే. టెపెట్లావోస్తోక్ రైతునూ అదే అడిగింది.

గోడబొమ్మ సంగతితో ముగిస్తాము. గత కొన్ని దశాబ్దాలలో సవరలలో చాలామంది, ముఖ్యంగా యువతరం, క్రైస్తవం పుచ్చుకున్నారు. చనిపోయినవారితో మాటలు ఆగిపోతున్న తీరును విటెబ్‌స్కీ 2017లో వెలువరించిన మరో పుస్తకంలో రాశాడు. మాటలు ఆగిన ఇంటిలో తాత తన పేరు అడిగేదెలా? పిల్లలకు బైబిలు పేర్లు వస్తున్నాయి. ఇంటి గోడమీద ఇడితాల్ తగ్గినకొద్దీ కాన్వాసుమీద, చీరలమీద, భువనేశ్వరం వీధిగోడలమీద పెరిగింది. 2024 జనవరిలో లాంజియా సవర చిత్రకళకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. గీసేవారికి నాలుగు డబ్బులు రావడం మంచిదే. పాతకాలపు బొమ్మే నిజమైనదని పెదవి విరిచేవారితో మేము ఏకీభవించము. ఆ కాన్వాసులను ఒక ప్రదర్శనలో దగ్గరగా చూశాము. అదే ఇల్లు, అవే త్రికోణాల మనుషులు, అవే ఏనుగులు. లోపలికి రమ్మని ఎవరినీ పేరుపెట్టి పిలవలేదు. కుడివైపు కింది మూలలో మాత్రం, చిన్న ఒడియా అక్షరాలలో, ఒక పేరు రాసి ఉంది. గీసినవారిది.